ఇంట్లో ఆడియో యాంప్లిఫైయర్ కట్టడం: ట్రాన్స్‌ఫార్మర్ నుంచి స్పీకర్ రిలే దాకా

యాంప్లిఫైయర్ సొంతంగా కట్టాలనుకునేవాళ్లు ఎక్కువ సమయం బోర్డు మీదే పెడతారు. ఏ ఐసీ మంచిది, ఏ కెపాసిటర్ వేస్తే శబ్దం బాగుంటుంది అని వెతుకుతూ ఉంటారు. అది తప్పేమీ కాదు. కానీ డబ్బాలోకి సామాను ఎక్కించాక అసలు ఇబ్బందులు వచ్చేది స్విచ్ వేసిన మొదటి క్షణాల్లో, స్విచ్ తీసినప్పుడు, కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు. ఎంసీబీ పడిపోతుంది, ఫ్యూజు పోతుంది, స్పీకరు ధబ్‌మంటుంది. ఇంకా ఘోరమైతే ఐసీ షార్ట్ అయి స్పీకర్ కాయిల్ మాడిపోతుంది.

ఇవన్నీ ఒకే సమస్య అనుకుని "ప్రొటెక్షన్ బోర్డు ఒకటి ఇవ్వండి" అని షాపులో అడిగేస్తాం. ఇక్కడ ఉన్నవి రెండు వేర్వేరు రక్షణలు. మెయిన్స్ (గోడ సాకెట్ కరెంటు) వైపు వేసే సాఫ్ట్ స్టార్ట్, ఆన్ చేసిన క్షణంలో ఎగబడే కరెంటును అదుపు చేసి ఫ్యూజునీ, స్విచ్చునీ, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జినీ కాపాడుతుంది. స్పీకర్ వైపు వేసే డీసీ ప్రొటెక్షన్, పాట బదులు డీసీ వస్తే రిలేతో (కాయిల్ కరెంటుతో నడిచే స్విచ్) తీగను విడదీసి స్పీకర్లను కాపాడుతుంది. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవడం ప్రమాదం.

ఉదాహరణకి ఎల్‌ఎం3886 ఐసీతో స్టీరియో యాంప్లిఫైయర్ తీసుకుందాం. నేషనల్ సెమీకండక్టర్ తెచ్చిన ఈ చిప్ ఇప్పుడు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ పేరుతో వస్తోంది. 11 కాళ్లు, చుట్టూ చాలా తక్కువ సామాను, లోపలే ఓవర్‌లోడ్ రక్షణ. మొదటిసారి కట్టేవాళ్లకి దీనికంటే మంచి చిప్ నాకు కనిపించదు. ట్రాన్సిస్టర్లతో పెద్ద యాంప్లిఫైయర్ కట్టేవాళ్లకి కూడా కింద చెప్పే రక్షణ భాగం అలాగే వర్తిస్తుంది.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. ఇందులో 230 వోల్టుల మెయిన్స్ పని ఉంది. ఫేజు, న్యూట్రల్, ఎర్త్ తేడా స్పష్టంగా తెలియకపోతే ఆ భాగం మాత్రం తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.

మొదటి మెట్టు: స్పీకర్‌ను బట్టి వోల్టేజి

ముందు మీ స్పీకర్ వెనక 8 ఓమ్స్ అని ఉందా, 4 ఓమ్స్ అని ఉందా చూడండి. లెక్క అంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

8 ఓమ్స్ అయితే 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ (మధ్య తీగకి రెండు పక్కలా 24 వోల్టులు ఇచ్చేది) సరిపోతుంది. 24ని 1.414తో గుణించి, డయోడ్‌లో పోయే ఒక వోల్టు తీసేస్తే రెండు వైపులా 33 వోల్టులు వస్తాయి. ఒక్కో ఛానెల్‌కి 40 నుంచి 50 వాట్లు. ఇంట్లో హాలుకి అది చాలా ఎక్కువ. 4 ఓమ్స్ అయితే 18-0-18 తీసుకోండి, సుమారు 24.5 వోల్టులు వస్తాయి. "4 ఓమ్స్‌కి కూడా 24-0-24 పెడితే ఇంకా పవర్ వస్తుంది కదా" అనిపిస్తుంది. ఎందుకు పెట్టకూడదో, చిప్ వేడిని బయటికి లాగే హీట్ సింక్ దగ్గర లెక్క చూపిస్తాను.

మన దగ్గర మెయిన్స్ ఎప్పుడూ 230 దగ్గరే ఉండదు. రాత్రి వేళ లోడు తగ్గాక 250 దాకా పోయే ఊళ్లున్నాయి. దానికి తోడు, పాట లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ రాసిన దానికంటే కొంత ఎక్కువే ఇస్తుంది. ఈ రెండూ కలిస్తే 33 కాస్తా 38, 39 అవుతుంది. ఎల్‌ఎం3886 పని చేసే పరిమితి రెండు రైళ్లూ (ప్లస్, మైనస్ సప్లై లైన్లు) కలిపి 84 వోల్టులు, అంటే ఒక్కోటి 42. అందుకే 24-0-24 సురక్షితం, 28-0-28 కాదు. కెపాసిటర్లు కూడా 50 వోల్టులవే తీసుకోండి. 35 వోల్టులవి చవగ్గా వస్తాయని వేయకండి.

స్టీరియోకి 200 వీఏ (వోల్టులు, ఆంపియర్ల లబ్ధం, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం) ట్రాన్స్‌ఫార్మర్ బాగుంటుంది, 160 అయినా పాటలకి నడిచిపోతుంది. టొరాయిడ్ (గుండ్రని గారె ఆకారపు ట్రాన్స్‌ఫార్మర్) దొరికితే హమ్ (గుయ్‌మనే శబ్దం) తక్కువ, కానీ ఆన్ చేసిన క్షణంలో మామూలు చదరపు ఇ-ఐ కోర్ కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఈ గుణాన్ని గుర్తుంచుకోండి, సాఫ్ట్ స్టార్ట్ దగ్గర మళ్లీ వస్తుంది.

హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో, చెన్నైలో రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరులో ఎస్పీ రోడ్డులో ఈ సామానంతా దొరుకుతుంది. ఐసీలూ, పెద్ద కెపాసిటర్లూ కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. డూప్లికేట్లు ఎక్కువ తిరుగుతున్నవి ఇవే. 10,000 మైక్రోఫారడ్ అని రాసి ఉన్న కెపాసిటర్ చేతికి మరీ తేలిగ్గా ఉంటే అనుమానించండి, మీటరుతో కొలిచాకే బోర్డు మీద పెట్టండి.

రెండో మెట్టు: పవర్ సప్లై

35 ఆంపియర్ల లోహపు బ్రిడ్జ్, ఒక్కో రైలుకి 10,000 మైక్రోఫారడ్ 50 వోల్టుల కెపాసిటర్, ఒక్కో కెపాసిటర్ మీద 2.2 కిలో ఓమ్స్ 2 వాట్ల రెసిస్టర్. పవర్ సప్లై ఇంతే. ఆ రెసిస్టర్‌ను చాలామంది వదిలేస్తారు. వదలకండి. అది ఉంటే స్విచ్ తీసిన నిమిషానికి రైళ్లు 3 వోల్టుల లోపుకి దిగిపోతాయి. లేకపోతే ఎప్పుడో ఆపేసిన డబ్బాలో చెయ్యి పెట్టినా స్క్రూడ్రైవర్ తగిలి నిప్పురవ్వలు లేచే అవకాశం ఉంటుంది.

10,000 ఎందుకంటే, బ్రిడ్జి తరవాత అల 100 హెర్ట్జ్‌ది. 2 ఆంపియర్లు లాగుతున్నప్పుడు రైలు మీద అటూఇటూ 2 వోల్టులు ఊగుతుంది. అంతవరకు ఈ చిప్ సులభంగా తట్టుకుంటుంది. దీన్ని 40,000కి పెంచితే శబ్దంలో వచ్చే మేలు తక్కువ, ఆన్ చేసినప్పుడు లాగే కరెంటు మాత్రం బాగా పెరుగుతుంది.

మెయిన్స్ వైపు ఫ్యూజు ఫేజు తీగలోనే ఉండాలి. ఫ్యూజు ఉన్న మూడు పిన్నుల సాకెట్ డబ్బా వెనక బిగిస్తే పని శుభ్రంగా ఉంటుంది. 200 వీఏకి 2 ఆంపియర్ల టైమ్ లాగ్ ఫ్యూజు (క్షణకాలపు ఎక్కువ కరెంటును తట్టుకునేది) వేయండి. గాజు గొట్టం మామూలు ఫ్యూజు అదే 2 ఆంపియర్లదైనా ఆన్ చేసిన తొలి క్షణంలోనే పోవచ్చు. "పోతోంది కదా" అని 5 ఆంపియర్లది పెట్టేస్తారు కొందరు. అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మాడుతున్నా ఫ్యూజు కదలదు.

మూడో మెట్టు: ఐసీ బోర్డు

1, 5 కాళ్లు రెండూ ప్లస్ రైలుకి. 4 మైనస్‌కి. 3 అవుట్‌పుట్. 7 గ్రౌండ్. 8 మ్యూట్. 9 ఇన్వర్టింగ్ ఇన్‌పుట్, 10 నాన్ ఇన్వర్టింగ్. మిగిలిన 2, 6, 11 ఖాళీ.

ఫీడ్‌బ్యాక్‌లో 3వ కాలి నుంచి 9వ కాలికి 20 కిలో ఓమ్స్; 9వ కాలి నుంచే ఒక కిలో ఓమ్, దాని తరవాత 22 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా గ్రౌండ్‌కి. గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందన్నది) 21 వస్తుంది. ఫోన్ డాంగిల్‌ నుంచి వచ్చే ఒక వోల్టుతోనే ఫుల్ పవర్ అందుతుంది. గెయిన్ 10 కంటే తగ్గిస్తే ఈ చిప్ ఆసిలేట్ అవుతుంది (సిగ్నల్ లేకున్నా తనంతట తనే ఊగిపోతుంది), కాబట్టి శబ్దం తగ్గించుకోవాలంటే ముందు 10 కిలో ఓమ్స్ లాగ్ వాల్యూమ్ పాట్ పెట్టండి, ఫీడ్‌బ్యాక్ జోలికి పోకండి. ఆ 22 మైక్రోఫారడ్ ఉండడం వల్ల డీసీకి గెయిన్ ఒకటే అవుతుంది, స్పీకర్ దగ్గర ఆఫ్‌సెట్ (పాట లేకున్నా ఉండే డీసీ) చాలా తక్కువ ఉంటుంది. తీగతో షార్ట్ చేస్తే బాస్ బాగుంటుందని ఎవరైనా చెప్పినా నమ్మకండి. అది ఉన్నప్పుడే 7 హెర్ట్జ్ దాకా బాస్ వస్తోంది.

అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 2.7 ఓమ్స్, 0.1 మైక్రోఫారడ్ సీరీస్‌లో. రైళ్లకి ఐసీ కాళ్లకి వీలైనంత దగ్గరగా 0.1 మైక్రోఫారడ్ ఒకటి, 220 మైక్రోఫారడ్ ఒకటి. "దగ్గరగా" అంటే సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు. పెద్ద కెపాసిటర్లు పక్కనే ఉన్నాయి కదా అని వీటిని మానేస్తే చిప్ కారణం లేకుండా వేడెక్కుతుంది.

8వ కాలు దగ్గర కాస్త ఆగుదాం. ఆన్ చేసినప్పటి రక్షణలో మొదటి పొర ఇక్కడే ఉంది. ఆ కాలిని ఖాళీగా వదిలేస్తే చిప్ మ్యూట్‌లోనే ఉండిపోతుంది. "అంతా సరిగ్గానే కట్టాను, సౌండ్ రావట్లేదు" అంటే ముందు చూడాల్సింది ఇదే. మ్యూట్ తొలగాలంటే ఆ కాలి నుంచి మైనస్ రైలు వైపు కనీసం అర మిల్లీ ఆంపియర్ లాగాలి. రెసిస్టర్ విలువకి సూత్రం: మైనస్ రైలు వోల్టేజిలోంచి 2.6 తీసేసి, 0.5 మిల్లీ ఆంపియర్‌తో భాగించాలి. 33 వోల్టులకి గరిష్ఠంగా 60 కిలో ఓమ్స్ వస్తుంది. నేనైతే దాన్ని రెండు ముక్కలు చేస్తాను. కాలి నుంచి 10 కిలో ఓమ్స్, అక్కడి నుంచి మైనస్‌కి 22 కిలో ఓమ్స్, ఆ రెండూ కలిసే చోటు నుంచి గ్రౌండ్‌కి 100 మైక్రోఫారడ్ 50 వోల్టుల కెపాసిటర్, ప్లస్ కాలు గ్రౌండ్ వైపు. ఆన్ చేయగానే కెపాసిటర్ నిండడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి శబ్దం సుమారు సెకను తరవాత మెల్లగా వస్తుంది. రైళ్లు చాలినంత పైకి రాకముందు అవుట్‌పుట్ తెరుచుకోకుండా చిప్ లోపల కూడా ఏర్పాటు ఉంది. రెండూ కలిస్తే ఎల్‌ఎం3886 దాదాపు నిశ్శబ్దంగా లేస్తుంది. టీడీఏ7294కి మ్యూట్, స్టాండ్‌బై అని రెండు కాళ్లుంటాయి, సూత్రం ఇదే. అయితే స్టాండ్‌బై ముందు తెరుచుకుని, మ్యూట్ తరవాత తొలగాలి.

నాలుగో మెట్టు: హీట్ సింక్

పాట నడుస్తున్నప్పుడు చిప్‌లో గరిష్ఠంగా ఎంత వేడి పుడుతుందో చెప్పే లెక్క సులభం. రెండు రైళ్లు కలిపిన వోల్టేజిని వర్గం చేసి, దాన్ని 19.7తోనూ స్పీకర్ ఓమ్స్‌తోనూ భాగించాలి. 66 వోల్టులు, 8 ఓమ్స్‌కి సుమారు 28 వాట్లు. అదే 66 వోల్టులకి 4 ఓమ్స్ స్పీకర్ పెడితే 55 వాట్లు.

ఇప్పుడు మన ఎండలు చూడండి. ఏప్రిల్, మే నెలల్లో బయటే 45 డిగ్రీలుంటే డబ్బా లోపల 50 అనుకోవాలి. చిప్ లోపలి ముక్క 150 దాటకూడదు. అంటే 100 డిగ్రీల వెసులుబాటు. 28 వాట్లకి అది వాటుకి 3.6 డిగ్రీలు. అందులో చిప్, దాని కింద కరెంటు పారకుండా వేసే మైకా రేకు కలిసి 1.2 తింటాయి. మిగిలిన 2.4 హీట్ సింక్‌ది. ఇది సాధించగలిగిన సంఖ్యే. రెండు చిప్‌లూ ఒకే సింక్ మీద బిగిస్తే అది 1.2 ఉండాలి, అంటే ఫిన్నులున్న పెద్ద ముక్క. 55 వాట్లకి లెక్క వేస్తే ఒక్క చిప్‌కే 0.6 కావాలి. ఫ్యాను లేకుండా ఇంట్లో పెట్టుకునే డబ్బాలో అది కుదరదు. 4 ఓమ్స్‌కి 24-0-24 వద్దన్నది ఇందుకే. లోపలి ముక్క 165 డిగ్రీలకి చేరితే చిప్ తనంతట తనే ఆగిపోతుంది, కానీ రోజూ ఆ రక్షణ మీద ఆధారపడి వాడితే ఐసీ ఎక్కువ కాలం ఉండదు.

ఎల్‌ఎం3886టీ వెనక ఉన్న లోహపు పలక మైనస్ రైలుకి కలిసి ఉంటుంది. మైకా, ప్లాస్టిక్ బుష్ వేయకుండా సింక్‌కి బిగిస్తే, ఆ సింక్ డబ్బాకి తగిలిన క్షణంలో సప్లై షార్ట్. టీఎఫ్ అని ఉన్నది పూర్తిగా ప్లాస్టిక్‌లో వస్తుంది, మైకా అక్కర్లేదు, కానీ వేడి కొంచెం నెమ్మదిగా బయటికి వస్తుంది. ఏదైనా సరే, బిగించాక పలకకీ డబ్బాకీ మధ్య మీటరు బజర్ మోగకూడదు.

ఐదో మెట్టు: గ్రౌండ్, ఎర్త్

రెండు పెద్ద కెపాసిటర్ల మధ్య కలిసే చోటు నుంచి ఒక్క తీగ పక్కకి తీసి, అక్కడ ఒక బోల్టు పెట్టండి. స్పీకర్ల మైనస్‌లు, బోర్డుల గ్రౌండ్లు, ప్రొటెక్షన్ బోర్డు గ్రౌండ్ అన్నీ విడివిడిగా ఆ బోల్టు దగ్గరికే రావాలి. ఒకదాని మీంచి ఒకటి లాగితే హమ్మింగ్ తప్పదు.

లోహపు డబ్బాకి మెయిన్స్ ఎర్త్ తీగను గట్టిగా బోల్టుతో బిగించాలి, పెయింట్ గీకేసి మరీ. హమ్ తగ్గుతుందని ఎర్త్ పిన్ను తీసేసేవాళ్లున్నారు. ఆ పని ప్రాణం మీదికి తెస్తుంది. హమ్ వస్తే ఆడియో గ్రౌండ్ బోల్టుకీ డబ్బాకీ మధ్య 10 ఓమ్స్ రెసిస్టర్, దానికి పారలల్‌గా ఒక పెద్ద బ్రిడ్జ్ డయోడ్ పెట్టండి. చాలా సందర్భాల్లో అంతటితో పోతుంది. ఇంట్లో సాకెట్‌కి నిజంగా ఎర్త్ ఉందో లేదో ముందే చూపించుకోండి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది గానీ వెనక తీగ ఉండదు.

ఆరో మెట్టు: సాఫ్ట్ స్టార్ట్ కావాలా, ఏది కావాలి

స్విచ్ వేసిన క్షణంలో రెండు జరుగుతాయి. ఖాళీ కెపాసిటర్లు బ్రిడ్జికి దాదాపు షార్ట్ లాగా కనిపిస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ కోర్, మెయిన్స్ అల సున్నా దాటే సమయానికి స్విచ్ పడితే, కిందటిసారి మిగిలిన అయస్కాంతత్వంతో కలిసి సాచ్యురేట్ అవుతుంది (ఇక అంతకుమించి అయస్కాంతత్వాన్ని పట్టుకోలేదు). అప్పుడు ప్రైమరీకి అడ్డంగా మిగిలేది రాగి తీగ రెసిస్టెన్స్ మాత్రమే. పెద్ద టొరాయిడ్‌లో అది కొన్ని ఓమ్స్. మెయిన్స్ శిఖరం 325 వోల్టులు. పదుల ఆంపియర్లు ఒక్క క్షణం పారతాయి. ఇంట్లో లైట్ల లైనుకి సాధారణంగా ఉండే 6 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ 30 నుంచి 60 ఆంపియర్ల మధ్య వెంటనే పడిపోయేలా తయారవుతుంది. ఒకసారి పడి, ఇంకోసారి పడకపోవడానికి కారణం ఎంసీబీ పాడవడం కాదు, స్విచ్ అలలో ఏ చోట పడిందన్నదే.

200 వీఏ దాకా, అందులోనూ ఇ-ఐ కోర్ అయితే, టైమ్ లాగ్ ఫ్యూజు చాలు. సాఫ్ట్ స్టార్ట్ మీద డబ్బు పెట్టకండి. 300 వీఏ టొరాయిడ్ నుంచి పైకి అది తప్పనిసరి అని నా అభిప్రాయం. 200 నుంచి 300 మధ్య, మీ ఎంసీబీ పడుతుంటే వేయండి.

చవకైన దారి ఎన్‌టీసీ థర్మిస్టర్. 10డీ-20 అని రాసి ఉంటే చల్లగా 10 ఓమ్స్, బిళ్ల వెడల్పు 20 మిల్లీమీటర్లు. ఫేజులో సీరీస్‌గా వేస్తే మొదట అడ్డుపడుతుంది, వేడెక్కాక దారిస్తుంది. మన ఊళ్లలో దీంతో ఒక చిక్కుంది. కరెంటు పోయి రెండు సెకన్లలో వస్తే బిళ్ల ఇంకా వేడిగానే ఉంటుంది, అప్పుడు అది ఏమీ ఆపదు. చల్లబడడానికి నిమిషం పైనే పడుతుంది. వర్షాకాలంలో కరెంటు ఎలా ఆడుతుందో తెలిసినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. పైగా పాట నెమ్మదిగా ఉన్నంతసేపూ అది పూర్తిగా వేడెక్కదు, గట్టిగా పెడితే చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. అందుకే ఒంటరి ఎన్‌టీసీని నేను సిఫారసు చేయను.

రెసిస్టర్, దాన్ని బైపాస్ చేసే రిలే. ఇదే సరైన దారి. 150 ఓమ్స్ 5 వాట్ల తెల్ల సిమెంట్ రెసిస్టర్లు మూడు పారలల్‌గా కలిపితే 50 ఓమ్స్. అప్పుడు ఎంత ఘోరమైన క్షణంలో స్విచ్ పడినా 6.5 ఆంపియర్లు దాటవు. పావు సెకను అటూ ఇటూగా రిలే పడి (అంటే దాని కాంటాక్ట్ కలిసి) ఆ రెసిస్టర్లను పక్కకి తప్పిస్తుంది.

రిలేని నడపడానికి 9 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు 1ఎన్4007 డయోడ్లు, 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ చాలు. సుమారు 12 వోల్టులు వస్తాయి. ఆ 12 నుంచి 100 కిలో ఓమ్స్ గుండా 10 మైక్రోఫారడ్ నిండుతుంది, అది 2ఎన్7000 ట్రాన్సిస్టర్ గేటుకి వెళ్తుంది, దాని డ్రెయిన్‌లో 12 వోల్టుల షుగర్ క్యూబ్ రిలే. రిలే కాయిల్ మీద తిరగేసిన డయోడ్ ఒకటి. 100 కిలో ఓమ్స్ మీద ఇంకో చిన్న డయోడ్, గీత ఉన్న చివర 12 వోల్టుల వైపు. కరెంటు పోగానే టైమింగ్ కెపాసిటర్ వెంటనే ఖాళీ అవ్వడానికి ఇది. కరెంటు తిరిగి వచ్చేసరికి సర్క్యూట్ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. అందుకే 220 మైక్రోఫారడ్‌ను కూడా పెంచకండి, ఎక్కువైతే రిలే విడిపోవడానికి ఆలస్యం చేస్తుంది.

ఈ చిన్న సప్లైని ముఖ్య ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తీసుకోకండి. రిలే పడితేగానీ రైళ్లు పూర్తిగా లేవవు, రైళ్లు లేస్తేగానీ రిలే పడదు అన్న పరిస్థితి రావచ్చు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మెయిన్ స్విచ్ తరవాత, 50 ఓమ్స్‌కి ముందు ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటర్‌తో మెయిన్స్‌ని దించి నడిపే బోర్డులు దొరుకుతాయి. పని చేస్తాయి, కానీ బోర్డు అంతటా మెయిన్స్ ఉంటుంది. టెస్ట్ చేసేటప్పుడు చెయ్యి తగిలితే షాకే.

రిలే ఎప్పుడైనా పడకుండా ఉండిపోతే? పాట లేనప్పుడు రెసిస్టర్లకి ఏమీ కాదు. గట్టిగా పెడితే కాగడం మొదలవుతుంది, లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే మంట దాకా పోతుంది. రైస్ కుక్కర్లలో వేసే లాంటి థర్మల్ ఫ్యూజు, 130 డిగ్రీలది ఒకటి ఆ రెసిస్టర్లకి ఆనించి, సీరీస్‌లో కలపండి. దాన్ని సోల్డర్ చేస్తే ఆ వేడికే పోతుంది, కాబట్టి క్రింప్ స్లీవుతో నొక్కి కలపాలి. రిలే కాయిల్ వైపు, మెయిన్స్ కాంటాక్ట్ వైపు ట్రాకుల మధ్య కనీసం 6 మిల్లీమీటర్లు ఎడం వదలండి.

ఏడో మెట్టు: స్పీకర్ వైపు రక్షణ

ఐసీ లోపల షార్ట్ అయితే రైలు వోల్టేజి అంతా నేరుగా స్పీకర్ మీద పడుతుంది. 8 ఓమ్స్ స్పీకర్ కాయిల్ డీసీ రెసిస్టెన్స్ 6 ఓమ్స్ దగ్గర ఉంటుంది. 30 వోల్టులకి 5 ఆంపియర్లు, 150 వాట్ల వేడి. కోన్ కదలకుండా ఒక పక్కకి లాగి ఉంటుంది కాబట్టి చల్లబడే దారి కూడా లేదు. కొన్ని సెకన్లలో కాయిల్ మాడిపోతుంది. చిప్ లోపలి రక్షణ ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే అప్పటికి పాడైంది ఆ చిప్పే.

దీనికి ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్న చిప్ ఎన్‌ఈసీ వాళ్ల యూపీసీ1237. ఎనిమిది కాళ్లు, ఒకే వరస. ఆన్ చేశాక కొన్ని సెకన్లు ఆగి స్పీకర్ రిలే వేస్తుంది, అవుట్‌పుట్‌లో డీసీ కనిపిస్తే తీసేస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఏసీ ఆగిపోయినా తీసేస్తుంది. చివరిది చాలా విలువైన పని. స్విచ్ తీశాక పెద్ద కెపాసిటర్లు ఇంకా కొన్ని సెకన్లు యాంప్లిఫైయర్‌ను నడుపుతూనే ఉంటాయి, అవి దిగిపోయే చివర్లోనే గరగర, ధబ్ శబ్దాలు వస్తాయి. అంతకుముందే రిలే విడిపోతే స్పీకర్‌కి ఏమీ తెలియదు.

రెడీమేడ్ 1237 బోర్డు కొన్నా తప్పు లేదు, కానీ మూడు విషయాలు చూడండి. దానికి ఏసీ నేరుగా ఇచ్చే చోటు ఉండాలి. డీసీ మాత్రమే తీసుకునే బోర్డులో ఏసీ కనిపెట్టే పని ఉండదు. రెండోది, రిలే ఒక్కో స్పీకర్‌కి విడిగా చేంజ్ ఓవర్ కాంటాక్ట్‌లు ఉన్నదై ఉండాలి. మూడోది, ఆ కాంటాక్ట్‌లు కలిపిన తీరు.

మూడోదాన్ని వివరంగా చెప్పాలి. రిలే మీద 10 ఆంపియర్లు, 30 వోల్టుల డీసీ అని రాసి ఉంటుంది. ఏసీ అయితే సెకనుకి వందసార్లు సున్నా దాటుతుంది కాబట్టి నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీకి ఆ అవకాశం లేదు. 35 వోల్టుల డీసీ, 5 ఆంపియర్లు పారుతుండగా కాంటాక్ట్ తెరుచుకుంటే ఆర్క్ అలాగే నిలిచి, రిలే విడిపోయినా స్పీకర్‌కి కరెంటు వెళ్తూనే ఉండొచ్చు. దానికి మందు చిన్నదే. స్పీకర్ ప్లస్‌ను రిలే మధ్య కాంటాక్ట్‌కి కలపండి. యాంప్లిఫైయర్ అవుట్‌పుట్‌ను, రిలే పడినప్పుడు కలిసే కాంటాక్ట్‌కి. మామూలుగా కలిసి ఉండే కాంటాక్ట్‌ను గ్రౌండ్‌కి. ఇప్పుడు రిలే విడిపోగానే స్పీకర్ గ్రౌండ్‌కి షార్ట్ అవుతుంది, ఆర్క్ నిలిచినా ఆ కరెంటు గ్రౌండ్‌కి పోయి రైలు ఫ్యూజును పేలుస్తుంది. అందుకని రెండు రైళ్లకీ 3 ఆంపియర్ల ఫ్యూజులు తప్పక ఉండాలి. చాలా రెడీమేడ్ బోర్డుల్లో ఆ మూడో కాంటాక్ట్ ఖాళీగా వదిలేస్తారు. ఒక్క తీగ మీరే కలుపుకోవచ్చు.

అందరికీ ఈ బోర్డు సరిపోదు. టీపీఏ3116 లాంటి క్లాస్ డీ బోర్డుల్లో స్పీకర్ రెండు తీగల మీదా సప్లైలో సగం వోల్టేజి ఎప్పుడూ ఉంటుంది. వాటికి 1237 బోర్డు కలిపితే అది దాన్నే డీసీ లోపం అనుకుని రిలే ఎప్పటికీ వేయదు. అలాంటి యాంప్లిఫైయర్ల స్పీకర్ మైనస్‌ను గ్రౌండ్‌కి కలపకూడదు కూడా. ఇక ఎల్‌ఏ4440ని స్టీరియోగా వాడినప్పుడు అవుట్‌పుట్‌లో పెద్ద కెపాసిటరే ఉంటుంది, డీసీ దాన్ని దాటి రాలేదు. దానికి ఈ ఖర్చు అక్కర్లేదు.

ఎనిమిదో మెట్టు: మొదటిసారి ఆన్ చేయడం

టీవీ మెకానిక్కుల షాపుల్లో ఉండే సీరీస్ బోర్డు ఒకటి తయారు చేసుకోండి. ఫేజులో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సీరీస్‌గా, దాని తరవాత సాకెట్. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. ఫిలమెంట్ బల్బు వేడిగా ఉన్నప్పుడు 529 ఓమ్స్, చల్లగా ఉన్నప్పుడు అందులో పన్నెండో వంతుకి అటూ ఇటూ. లోపల షార్ట్ ఉంటే బల్బు వెలిగి కరెంటును ఆపేస్తుంది, అంతా సరిగ్గా ఉంటే దాదాపు ఆరిపోయి దారిస్తుంది.

ఒక్కసారిగా అంతా కలిపి ఆన్ చేయకండి. ముందు ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. తరవాత బ్రిడ్జ్, కెపాసిటర్లు: బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోవాలి, రెండు రైళ్లూ ఒక వోల్టు తేడాలో సమానంగా ఉండాలి. అప్పుడు ఒక ఛానెల్ బోర్డు, స్పీకర్ లేకుండా, ఇన్‌పుట్ షార్ట్ చేసి. అవుట్‌పుట్ దగ్గర డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే సంతోషం. వందల్లో ఉంటే 22 మైక్రోఫారడ్ తిరగబడిందేమో, 9వ కాలు దగ్గర సోల్డరింగ్ సరిగ్గా పట్టిందో లేదో చూడండి. వోల్టుల్లో ఉంటే ఆపేయండి. ఆ తరవాత రెండో ఛానెల్, చివరికి పనికిరాని పాత స్పీకరు ఒకటి. మంచి స్పీకర్లు ఇంకా కలపకండి.

సాఫ్ట్ స్టార్ట్‌ను సీరీస్ బల్బుతో సరిగ్గా పరీక్షించలేం, రెండు అడ్డంకులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి కాబట్టి. దాన్ని విడిగా, యాంప్లిఫైయర్ బదులు 60 వాట్ల బల్బు లోడుగా పెట్టి చూడండి. మొదట కొంచెం మసకగా వెలిగి, టక్ మన్నాక పూర్తి వెలుగు రావాలి. స్విచ్ తీసి వెంటనే వేసినా ఆ టక్ మళ్లీ అంతే ఆలస్యంగా వినిపించాలి. వెంటనే వినిపిస్తే ఆ చిన్న డయోడ్ తిరగబడినట్టు.

స్పీకర్ రక్షణకి పరీక్ష ఇంకా సులభం. యాంప్లిఫైయర్ నుంచి విడదీసి, ప్రొటెక్షన్ బోర్డు ఇన్‌పుట్‌కి 9 వోల్టుల బ్యాటరీ తగిలించండి. రిలే విడిపోవాలి. బ్యాటరీ తిప్పి తగిలించండి, మళ్లీ విడిపోవాలి. ప్లస్‌కి మాత్రమే పని చేసి మైనస్‌కి ఊరుకునే బోర్డులు ఉంటాయి కాబట్టి రెండో పరీక్ష వదలకండి. రెండు ఛానెళ్లకీ చేయండి.

అన్నీ కలిపాక స్విచ్ వేస్తే జరగాల్సిన వరస ఇది: పావు సెకనుకి సాఫ్ట్ స్టార్ట్ రిలే, సుమారు సెకనుకి మ్యూట్ తొలగడం, మూడు సెకన్ల దగ్గర స్పీకర్ రిలే. స్విచ్ తీస్తే అన్నిటికంటే ముందు విడిపోవాల్సింది స్పీకర్ రిలే. అది ఆలస్యం చేస్తుంటే ఏసీ కనిపెట్టే చోట ఉన్న కెపాసిటర్ విలువ తగ్గించాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, పాట మెల్లగా పెట్టి మెయిన్స్ తీసేసి మళ్లీ వేసి చూడండి. మారే ఆ చిన్న వ్యవధిలో రిలే ఒకసారి విడిపోయి మళ్లీ పడడం మంచిదే. పడీ పడనట్టు గరగరమంటుంటే మాత్రం దాని సప్లై కెపాసిటర్ ఎండిపోయిందేమో చూసి మార్చండి.

కొన్నేళ్ల తరవాత ఒక ఛానెల్ సన్నగా, పగిలినట్టు వినిపించి, వాల్యూమ్ పెంచగానే సరైపోతుంటే అనుమానం ఐసీ మీద పెట్టకండి. స్పీకర్ రిలే కాంటాక్ట్‌లు నల్లబడి ఉంటాయి. ఉప్పుకాగితంతో రుద్దితే పూత పోతుంది, కొత్త రిలే వేయడమే మేలు.